ఊపిరి బిగబట్టినవాళ్ళు

అయస్కాంతాన్ని దారానికి కట్టి, కటింగ్ బల్ల కింద మోకాళ్ళ మీద పాకుతూ గుండుసూదులు ఏరుతున్నాను. సాయంత్రం పూట పెద్దమ్మ కొట్టులో నా పని అది. ఇంటి ముందు గదే కొట్టు. రెండు మిషన్లు, ఒక పొడవాటి బల్ల, గోడకు నిలువెత్తు అద్దం, మూలన బట్టలు వేసి చూసుకోవడానికి ఒక తెర. పెదనాన్న పోయినప్పటి నుంచి పెద్దమ్మా, ఆమె కూతురూ కలిసి నడుపుతున్నారు. ఆ కూతుర్ని నేను అక్క అంటాను. వాళ్ళింట్లో ఉండి కాలేజీకి వెళ్తున్నాను కాబట్టి సూదులు ఏరతాను, గుండీలు కుడతాను, పెద్దమ్మ కొలతలు చెబుతుంటే పక్కన నిలబడి రాస్తాను. ఇవి కాక నాకు నేనే ఇంకో పని అప్పగించుకున్నాను. మనుషుల్ని గమనించడం. సైకాలజీ చదువు మొదలై కొద్ది నెలలే అయినా, అందుకు నాకు పూర్తి అధికారం వచ్చేసిందని నమ్మకం.

ఆ సాయంత్రం బల్ల కింద నుంచి రెండు జతల కాళ్ళు కనిపిస్తున్నాయి. ఒకటి పెద్దమ్మది. రెండోది వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే అతనిది. అతనంటే అక్కకు ఇష్టం. ఆ సంగతి అతనికీ అక్కకీ నాకూ తెలుసు. పెద్దమ్మకు తెలియదని ముగ్గురం అనుకుంటున్నాం. ప్యాంటు కుట్టించుకునే నెపంతో అతన్ని రప్పించింది అక్క. ముందు అమ్మకు మనిషి నచ్చాలి, ఆ తర్వాత పెళ్ళి మాట ఎత్తాలి. అదీ ఆమె పథకం.

టేపు నడుం దగ్గరికి వచ్చిందని నాకు అతని బూట్లను చూస్తేనే తెలిసింది. మడమలు కొంచెం పైకి లేచాయి.

"ఊపిరి వదలండి," అంది పెద్దమ్మ, నోట్లో సూదులున్న గొంతుతో.

"వదిలేశానండి."

"ఇంకా లోపలే ఉంది."

మడమలు కిందికి దిగాయి. పెద్దమ్మ అంకె చెప్పింది, నేను బల్ల కింద నుంచే రాశాను. ప్యాంటు ఎప్పుడు ఇస్తారో చెప్పించుకుని అతను వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక పెద్దమ్మ టేపు మెళ్ళో వేసుకుని, అవతల మిషన్ దగ్గర దారాలు కత్తిరిస్తున్న అక్క వైపు తిరిగింది.

"కళ్ళజోడు వదులైంది, బిగింపించుకొస్తానని నువ్వు వారం వారం వెళ్ళేది ఇతని దగ్గరికేనా?"

అక్క కత్తెర ఆగింది. "ఎవరు చెప్పారు?"

"అన్నిసార్లు బిగిస్తే ఏ కళ్ళజోడైనా ముక్కు విరగ్గొడుతుంది. నీ ముక్కు బాగానే ఉంది." టేపు కొసలు సవరించుకుంటూ అంది. "ఇతను వద్దు."

"ఏం?"

"ఊపిరి బిగబట్టాడు."

నేను బల్ల కిందే ఉండిపోయాను. పెద్దమ్మకు ఏమీ తెలియదన్న నా మొదటి పరిశీలన అలా ముగిసింది.

ఈ ఊపిరి సంగతి చెప్పాలి. నడుం చుట్టూ టేపు వేసినప్పుడు పొట్ట లోపలికి లాక్కునే మనిషి ఏదో ఒకటి దాస్తాడని పెద్దమ్మ సిద్ధాంతం. దానికి ఆమె దగ్గర కథలున్నాయి. పెళ్ళికి సూటు కుట్టించుకున్న ఒకాయన ఊపిరి బిగబట్టాడు, తీరా చూస్తే అతనికి అంతకు ముందే ఇంకో ఊళ్ళో ఒక పెళ్ళాం ఉంది. ఒక హెడ్మాస్టరు బిగబట్టాడు, ఆయన డిగ్రీ దొంగదని తేలింది. పై వాటాలో మునుపు అద్దెకున్నావిడ బిగబట్టింది, పక్కింటి కుక్క ఏమైపోయిందో ఆవిడకే తెలుసు. "మనుషులు నోటితో చెప్పేది వేరు, నడుంతో చెప్పేది వేరు," అనేది పెద్దమ్మ.

"పొట్ట ఉన్నవాళ్ళు లోపలికి లాక్కుంటారమ్మా," అంది అక్క. "లేనివాళ్ళు దేన్ని లాక్కుంటారు?"

"ఉన్నది ఉన్నట్టు చూపించుకోలేనివాడు రేపు నీకేం చూపిస్తాడే?"

అక్క విసురుగా కత్తెర మళ్ళీ అందుకుంది. దానికి నా దగ్గర జవాబు ఉంది కానీ నన్నెవరూ అడగలేదు. నన్ను సాధారణంగా ఎవరూ అడగరు. ఊళ్ళో చదువుకున్నప్పుడు మా మాస్టారు నాకు గోడ అని పేరు పెట్టారు. "ఈ పిల్లకు పాఠం అర్థమైందో లేదో మొహం చూసి చెప్పలేం. గోడకు చెప్పినట్టే," అనేవారు. ఆ పేరు నాతోపాటు ఈ ఇంటికి కూడా వచ్చింది. నేను దాన్ని బిరుదులా మోస్తున్నాను. మనుషుల్ని గమనించేవాళ్ళ మొహంలో ఏమీ కనిపించకూడదు కదా.

మర్నాడు ఉదయం కాలర్లకు ఇస్త్రీ చేస్తుంటే అక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"గోడా, నీ చదువు దేనికైనా పనికొస్తుందా?"

"దేనికి?"

"అతన్ని కొత్త బ్రాంచికి వేశారు. నెలాఖరుకి వెళ్ళిపోతున్నాడు. బస్సులో రెండు గంటల దూరం. పెళ్ళి చేసుకుంటే అక్కడ కొన్నాళ్ళు, ఇక్కడ కొన్నాళ్ళు ఉండి కొట్టు చూసుకోవచ్చని ఇద్దరం అనుకున్నాం. వెళ్ళేలోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు."

"పెద్దమ్మ వద్దన్నా వెళ్ళిపోవచ్చు కదా."

"వెళ్ళడం ఎంతసేపు? తర్వాత ఈ గుమ్మం ఎక్కలేను. నాకు అతను కావాలి, ఈ కొట్టు కావాలి, అమ్మా కావాలి. అత్యాశ అనుకుంటే అనుకో. పొట్ట లాక్కున్నాడని మనిషిని వద్దనడం తప్పని మీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉంటే తెచ్చి చూపించు."

పొట్ట గురించి లేదు. కానీ సరిగ్గా ఆ వారమే పరిశోధన పద్ధతుల క్లాసులో మేడమ్ నాలుగు గళ్ళ పాఠం చెప్పారు. ఆనందంలో కాలర్ కొంచెం కాల్చేశాను.

మధ్యాహ్నం పెద్దమ్మ తీరిగ్గా ఉన్నప్పుడు కటింగ్ బల్ల మీద సుద్దతో నాలుగు గళ్ళు గీశాను.

"ఊపిరి బిగబట్టి, అబద్ధం చెప్పినవాళ్ళు ఈ గడిలో. బిగబట్టి, నిజమే చెప్పినవాళ్ళు ఇక్కడ. బిగబట్టకుండా అబద్ధం చెప్పినవాళ్ళు ఇక్కడ. బిగబట్టకుండా నిజం చెప్పినవాళ్ళు ఇందులో. నీకు గుర్తున్నవాళ్ళని చెప్పు పెద్దమ్మా, ఒక్కొక్కరికి ఒక గుండీ పెడదాం."

మొదటి గడి చూస్తూ చూస్తూ నిండిపోయింది. సూటాయన, హెడ్మాస్టరు, కుక్క ఆవిడ, ఇంకా నేను ఎన్నడూ వినని చాలామంది. రెండో గడి దగ్గర పెద్దమ్మ ఆగింది.

"బిగబట్టి నిజం చెప్పినవాళ్ళు నాకెందుకు గుర్తుంటారు? ప్యాంటు తీసుకున్నారు, పోయారు."

"అదే నేను చెప్పేది."

"ఏది?"

"సరే, మూడోది చూడు. బిగబట్టకుండా అబద్ధమాడినవాళ్ళు లేరా?"

"ఉన్నాడు ఒకడు. బూడిదరంగు కోటాయన. పచ్చి అబద్ధాలకోరు. కానీ కొలిచేటప్పుడు బిగబట్టలేదు."

నేను గుండీ చేతిలోకి తీసుకున్నాను.

"ఆగు. అతను ఇంటి దగ్గరే బిగబట్టి వచ్చి ఉంటాడు," అంది పెద్దమ్మ.

"ఇంటి నుంచి ఇక్కడిదాకానా?"

"అలాంటివాడే అతను."

"ఇలాగైతే నీ మాట తప్పయ్యే దారే లేదు పెద్దమ్మా."

"లేదు. అందుకే గదా అంత గట్టిగా చెబుతున్నాను."

బల్ల అవతల అక్క తల వంచుకుని నవ్వుతోంది. నేను నవ్వలేదు. గోడను కదా. పరీక్ష పెడతానన్నాను. కొంతమందిని పిలిచి, కొందరికి దాచుకోవడానికి ఒక గుండీ ఇస్తాం. అందరూ పెద్దమ్మ ముందు నిలబడి మా దగ్గర ఏమీ లేదని చెప్పాలి. పెద్దమ్మ నడుం కొలిచి, ఎవరు దాచారో ఎవరు దాచలేదో చెప్పాలి.

"పెట్టుకో, నాకేం భయం," అంది పెద్దమ్మ.

"నువ్వు తప్పు చెబితే?" అడిగింది అక్క.

"తప్పు చెబితే అతన్ని ఇంటికి రమ్మను. కూర్చోబెట్టి మాట్లాడతాను."

"ఒప్పు చెబితే అతని మాట నేను మళ్ళీ ఎత్తను."

ఆ మాట అంటూ అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్న నమ్మకానికి నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఇంకేదో అనిపిస్తుంది.

మా ఊరి బడిలో సైన్సు ఎలా నేర్చుకున్నానో ఇక్కడ చెప్పుకోవాలి. మాస్టారు ముందు ఫలితం రాయించేవారు. "గాజు గ్లాసు బోర్లించగా కొవ్వొత్తి ఆరిపోవును." అందరూ చక్కగా రాశాక కొవ్వొత్తి వెలిగించేవారు. గ్లాసు అంచు పగిలి ఉండేది, అందులోంచి గాలి వెళ్ళి కొవ్వొత్తి ఎంతకీ ఆరేది కాదు. అప్పుడు ముందు వరసలోవాళ్ళు ఊదేవాళ్ళు. ప్రయోగం ఏనాడూ విఫలమవలేదు. ఆ బడిని నేను దాటి వచ్చేశానని అప్పట్లో అనుకున్నాను.

కొట్టుకు సెలవు రోజున పరీక్ష పెట్టాం. పై వాటాలో ఉండే అక్కచెల్లెళ్ళు, బస్సు డ్రైవరు, పుస్తకాల బైండింగ్ చేసే ఆయన, పళ్ళ డాక్టరు దగ్గర నర్సు, సంగీతం మాస్టారు, ఆయన భార్య, ఇంకొందరు చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. టీ ఇస్తామంటే వచ్చారు. తెర వెనక ఒక్కొక్కరికీ బొమ్మా బొరుసా వేశాను. బొమ్మ పడితే ఒక పెద్ద కోటు గుండీ ఇచ్చి గుప్పెట్లో బిగించి పట్టుకోమన్నాను. బొరుసు పడితే వట్టి గుప్పెట. నాణెం వేయాలన్న ఆలోచన నాదే. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానంటే, ఇంకేం ఆలోచించాలో మర్చిపోయాను.

ఒక్కొక్కరూ తెర వెనక నుంచి వచ్చి అద్దం ముందు నిలబడ్డారు. నేను వాళ్ళతోపాటు వచ్చి, రోజూ నిలబడే చోటే, పెద్దమ్మ పక్కన పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. పని చేసేటప్పుడు అవి లేకపోతే ఆమెకు చేతులాడవు. అందుకని ఊఁ అంటే దాచినట్టు, ఉహుఁ అంటే దాచనట్టు అని ఒప్పందం.

"నా దగ్గర ఏమీ లేదు," అన్నాడు బస్సు డ్రైవరు, కోర్టులో సాక్ష్యం చెబుతున్నట్టు.

పెద్దమ్మ టేపు చుట్టింది. అద్దంలోకి చూసింది. "ఊఁ."

డ్రైవరు గుప్పెట విప్పాడు. గుండీ ఉంది.

"నా దగ్గర అసలేం లేదండి బాబూ," అన్నాడు సంగీతం మాస్టారు.

"ఉహుఁ."

నిజంగానే లేదు. నర్సు, బైండింగ్ ఆయన, అక్కచెల్లెళ్ళలో పెద్దామె, ఒకరి తర్వాత ఒకరు. ఊఁ, ఉహుఁ, ఉహుఁ, ఊఁ. అన్నీ సరిపోతున్నాయి. అక్క మిషన్ మీద కూర్చుని మొదట్లో కాళ్ళు ఊపుతూ చూసింది. తర్వాత ఊపడం మానేసింది. సంగీతం మాస్టారి భార్య వంతు వచ్చేసరికి లోపల టీ పొంగిపోతున్న వాసన వచ్చింది, నేను పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ గుప్పెట విప్పి పెద్దమ్మను ఎగతాళి చేస్తోంది. పెద్దమ్మ ఉహుఁ అందట, గుండీ ఉంది. తప్పింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత మళ్ళీ ఒక్కటీ తప్పలేదు.

టీలు తాగి అందరూ వెళ్ళిపోయారు. పెద్దమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి చిన్న దూది మెత్తకు గుచ్చింది. పైకి గెలిచినట్టు కనిపించలేదు కానీ మెడ మాత్రం కొంచెం నిక్కింది.

"నాకూ ఇన్ని సరిపోతాయని తెలియదు సుమా," అంది.

అక్క లేచి, సగం కత్తిరించిన లంగా బట్ట మడతపెట్టి లోపలికి వెళ్ళింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె మాట మీద నిలబడింది. కళ్ళజోడు నిజంగానే వదులైనా వీధి చివరకు వెళ్ళలేదు, చెవి దగ్గర దారం చుట్టుకుంది. అతను ప్యాంటు కోసం వచ్చిన రోజు లోపలి గదిలోంచి బయటికే రాలేదు. నేను పొట్లం కట్టి ఇచ్చాను.

"మీ అక్క బాగున్నారా?"

"బాగుంది."

"నా ఊపిరి సంగతి ఆవిడ ముందే చెప్పారు." అతను పొట్లం అటూ ఇటూ తిప్పాడు. "నిజమేనండి, బిగబట్టాను. మీ పెద్దమ్మగారు నోటి నిండా సూదులు పెట్టుకుని, అనుమానంగా చూస్తూ నడుం మీద చెయ్యి వేస్తే ఎవరు బిగబట్టరు చెప్పండి?"

నేను తలూపాను. అప్పుడే ఆ మాట నా బుర్రలో వెలగాల్సింది. మనుషులు ఊపిరి బిగబట్టేది దాచడానికి కాదేమో, పెద్దమ్మకు భయపడేమో. పరీక్ష పెట్టేముందే నేను అడగాల్సిన ప్రశ్న అది. ఒక కళ్ళజోళ్ళ మనిషి ప్యాంటు పొట్లం పట్టుకుని అడిగి వెళ్ళిపోయాడు.

నాకు వెలగలేదు. పైగా నేను పెద్దమ్మ పక్షానికి మారిపోయాను. ఫలితం అలా వచ్చింది మరి. సైన్సు చేసేవాళ్ళు ఇష్టం లేని ఫలితాన్ని కూడా ఒప్పుకోవాలి. అలా ఒప్పుకోవడంలో నాకు నేను చాలా గొప్పగా కనిపించాను. అక్క తిండి సరిగ్గా తినడం లేదు. నేను ఆ గొప్పతనంతోనే క్లాసుకు వెళ్ళి, నడుం కొలత తీసి అబద్ధాన్ని పట్టే మనిషి ఒకరున్నారని అందరి ముందూ చెప్పాను.

మేడమ్ అంతా విన్నారు. చాక్‌పీసు బల్ల మీద పెట్టారు.

"నాణెం వేశావు, మంచిదే. ఆవిడ చెబుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు?"

"పక్కనే ఉన్నాను మేడమ్. రాసుకుంటూ."

"గుండీ ఎవరి దగ్గరుందో నీకు తెలుసా?"

"నేనే ఇచ్చాను కదా మేడమ్."

"ఒక్కటి తప్పింది అన్నావు. అప్పుడెక్కడున్నావు?"

"టీ పొంగితే..." అని ఆగిపోయాను.

క్లాసు కూడా ఆగిపోయింది. "కానీ మేడమ్, నా మొహంలో ఏం కనిపించదు. చిన్నప్పటి నుంచీ అంతే," అన్నాను.

"చూద్దాం," అన్నారు మేడమ్.

ఆరుగురిని బయటికి తీసుకెళ్ళి కొందరికి చాక్‌పీసు ముక్కలిచ్చి, ఎవరికిచ్చారో నా చెవిలో చెప్పారు. ముందు బెంచీ అమ్మాయిని పిలిచి ఊహించమన్నారు. వచ్చినవాళ్ళను చూడొద్దని, నన్ను మాత్రమే చూడమని ఆమెతో చెప్పారు. నేను వీలైనంత గోడలా నిలబడ్డాను. మా మాస్టారు చూసి ఉంటే సంతోషించేవారు.

ఆ అమ్మాయి ఆరూ సరిగ్గా చెప్పింది.

"ఎలా చెప్పావు?" అడిగారు మేడమ్.

"చాక్‌పీసు ఉన్నవాళ్ళు వచ్చినప్పుడల్లా ఈమె భుజాలు పైకి లేస్తున్నాయి మేడమ్. నేను జవాబు చెప్పేదాకా దింపదు. ఊపిరి బిగబట్టేస్తోంది."

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ వాళ్ళు బల్లలు కూడా కొట్టారు. ఇన్నాళ్ళూ మనుషుల్ని చూస్తున్నాననుకున్నాను. మనుషులు నన్ను చూస్తున్నారని, నేను వాళ్ళకు పెద్దక్షరాలతో కనిపిస్తున్నానని ఒక్కరోజు కూడా తోచలేదు. మా ఊళ్ళో కొవ్వొత్తిని అందరి ముందూ ఊదేవాళ్ళం. ఇక్కడ ఊదుతున్నట్టు నాకే తెలియకుండా ఊదాను, అదీ నాకు అక్కర్లేని ఫలితం కోసం.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఇది తెలుసుకోకుండానే రిటైరైపోయినవాళ్ళున్నారు," అన్నారు. "మళ్ళీ చెయ్. ఈసారి గుండీ సంగతి నీకు తెలియకూడదు."

ఇంటికి వెళ్ళేసరికి పెద్దమ్మ మిషన్ మీద ఉంది. అక్క అవతలి మిషన్ మీద. అప్పటికి నెలాఖరు దగ్గర పడింది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాను.

"పెద్దమ్మా, పరీక్ష చెడిపోయింది. చెడగొట్టింది నేనే. గుండీ ఉన్నవాళ్ళు వచ్చినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టాను. నువ్వు అద్దంలో నన్ను చూసి చెప్పావు."

పెద్దమ్మ చక్రం మీద చెయ్యి వేసి మిషన్ ఆపింది. "నేను నీ వంక చూడలేదే."

"చూశావు. చూసినట్టు నీకు తెలియదు. చెప్పినట్టు నాకూ తెలియదు."

"ఇద్దరికీ తెలియని సంగతి ఎవరికి తెలిసింది మరి?"

"క్లాసంతటికీ తెలిసింది. నవ్వారు."

"నిన్నా?"

"నన్నే. బల్లలు కొట్టి మరీ."

పెద్దమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆ తర్వాత అంది. "ఎల్లుండి సెలవు గదా. మళ్ళీ పిలు అందర్నీ."

అక్క మిషన్ అప్పటికే ఆగి ఉంది. ఆమె మాత్రం తల ఎత్తలేదు.

రెండోసారి తెర వెనక పని పై వాటా పెద్దామెకు అప్పగించాను. నాణెం వేసేది ఆమే, గుండీలు ఇచ్చేది ఆమే. ఇచ్చాక ఆమె తెర దాటి రాకూడదు. అద్దం మీద దుప్పటి కప్పాం. నన్ను నేను వంటింట్లో పెట్టుకుని తలుపు వేసుకున్నాను. టీ పొంగకుండా చూడటానికి అని అందరికీ చెప్పాను, నిజానికి నన్ను నేను నమ్మలేక.

తలుపు అవతల నుంచి ఊఁలూ ఉహుఁలూ వినిపించాయి. మధ్యలో చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. మొదటిసారి ఇలాంటి ఖాళీలు లేవు. బస్సు డ్రైవరు నవ్వు ఒకసారి గట్టిగా వినిపించింది. సంగీతం మాస్టారు, "పరవాలేదమ్మా, పరవాలేదు," అనడం వినిపించింది. ఆయన అలా అన్నారంటే పరవా ఉన్నట్టే.

అందరూ వెళ్ళాక బయటికి వచ్చాను. సగం ఒప్పు, సగం తప్పు. పెద్దమ్మ టేపు వేయకుండా ఊరికే నాణెం వేసి చెప్పినా అన్నే సరిపోయేవి.

నాకు నోరు ఊరుకోలేదు. గోడకు ఒకసారి మాటలొస్తే అంతే. "చూశావా పెద్దమ్మా, అతను మంచివాడే అని తేలిపోయింది," అన్నాను.

"ఎక్కడ తేలింది?" అంది అక్క.

నేను ఆమె వైపు తిరిగాను. చెవి దగ్గర చుట్టిన దారం విప్పుకుంటోంది.

"అమ్మకు తెలియదని తేలింది. అతను మంచివాడని ఎక్కడ తేలింది? మనం ఈ గదిలో పరీక్ష పెట్టింది అమ్మకు, అతనికి కాదు." ఆమె దారం పోగును బల్ల మీద పడేసింది. "అతను మంచివాడని నాకు అనిపిస్తోంది. అంతే. ఆ అనిపించడాన్ని పట్టుకుని వెళ్దామనుకుంటున్నాను. రేపు పొద్దున బస్సుకి వెళ్ళిపోతాడు."

పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రాయాల్సింది అక్క జవాబు. నేను రాసి ఉండేది మాత్రం నాది.

పెద్దమ్మ బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది. నోట్లో సూదులు లేవు.

"మీ నాన్నకు మొదటి చొక్కా కొలిచింది నేనే," అంది అక్కతో. "అప్పుడు మా నాన్న కొట్టు ఇది. నేను కొలతలు నేర్చుకుంటున్నాను. ఆయన ఊపిరి బిగబట్టాడో లేదో నాకు తెలియదే. నేను చూళ్ళేదు. నా చేతులే వణికాయి. ఛాతీ కొలత రెండుసార్లు తప్పు చెప్పాను."

"ఎప్పుడూ చెప్పలేదే," అంది అక్క.

"చెప్పడానికేముంది? చొక్కా బిగుతైంది. ఆయన ఏమీ అనకుండా వేసుకు తిరిగాడు."

అక్క నవ్వబోయి ఆగిపోయింది. పెద్దమ్మ టేపు మెళ్ళోంచి తీసింది. మామూలుగా అయితే చుట్ట చుట్టి సొరుగులో పెడుతుంది. ఆ రోజు బల్ల మీద అలాగే వదిలేసి లోపలికి వెళ్ళింది. మొహం కడుక్కున్న చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద దారప్పోగులు లేవు. తల దువ్వుకుంది. సెలవు రోజు ఆమె ఇల్లు కదలడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎక్కడికమ్మా?" అడిగింది అక్క.

పెద్దమ్మ గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటోంది. ఒక చెప్పు తిరగబడి ఉంది, దాన్ని కాలితోనే సరిచేసుకుంది.

ఎక్కడికై ఉంటుందో నాకు వెంటనే మూడు ఊహలు తోచాయి. వాటిలో ఒకటి ఎందుకు ఎక్కువ నమ్మదగినదో చెబుదామని నోరు తెరిచాను. అక్క తన అరచేతితో నా నోరు మూసేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

మా కొట్టు మెట్లు దిగి ఎడమకు వెళ్తే బజారు, కుడికి వెళ్తే వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం. దాని మీది గదిలోనే అతను ఉండేది. పెద్దమ్మ తలుపు దగ్గరికి లాగి, మా ఇద్దరిలో ఎవరి వంకా చూడకుండా, మెట్లు దిగి కుడివైపుకు నడిచింది.